మెరికల వేట... ఎవరి జల్లెడలో ఎవరు?

'మీ అబ్బాయి పేరు గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్ జాబితాలో చేరింది. అభినందనలు!'

స్కూలు నుంచి ఇలాంటి మెయిల్ వస్తే చాలు... కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఆ ఫ్లాటులో ఆ సాయంత్రం పండగే. డల్లాస్‌లో ఉన్న పిన్నికి ఫొటో వెళ్లిపోతుంది. ఏలూరులో ఉన్న అమ్మమ్మకి ఫోన్ వెళుతుంది. 'గిఫ్టెడ్ అంటే ఏంటే?' అని ఆవిడ అడిగితే మాత్రం కాస్త ఇబ్బందే. 'అంటే... బాగా తెలివైనవాడని!' 'ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసుగా. మళ్లీ స్కూలువాళ్లు చెప్పాలా?'

అమ్మమ్మ నవ్వుతూనే అన్నా, అందులో అసలు ప్రశ్న ఉంది. ఓ పిల్లాడు తెలివైనవాడని స్కూలుకి ఎలా తెలుస్తుంది? ఎవరు చూశారు, దేంతో కొలిచారు, ఎవరితో పోల్చారు? అదే అపార్టుమెంటు సెల్లారులో ఉండే వాచ్‌మన్ కూతురు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతూ ఉంటే, ఆ అమ్మాయిని ఎవరైనా అలా కొలిచి చూశారా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. నిజమే కావచ్చు. ఆ పరిమళం సోకేంత దూరంలో ఎవరో ఒకరు ఉండాలి కదా!

ఒక్కో బడికి ఒక్కో కొలత

1998లో సైబర్ టవర్స్ తెరిచాక హైటెక్ సిటీ చుట్టూ రకరకాల జనం వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల వెంటే రకరకాల బడులూ వచ్చాయి. 'గిఫ్టెడ్' అన్న మాటని ఇక్కడికి ఎక్కువగా మోసుకొచ్చింది అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు. అక్కడ చాలా ఊళ్లలో ప్రైమరీ తరగతుల్లోనే 'కాగ్యాట్' లాంటి పరీక్ష పెట్టి, పైవరసలో నిలిచినవాళ్లకి విడిగా పాఠాలు చెబుతారు. ఇక్కడికొచ్చాక 'మీ స్కూల్లో గిఫ్టెడ్ ప్రోగ్రామ్ ఉందా?' అని ఆ తల్లిదండ్రులు అడగడం మొదలెట్టారు. అడిగేవాళ్లుంటే అమ్మేవాళ్లూ ఉంటారు మరి!

బ్రిటిష్ పద్ధతిలో నడిచే స్కూళ్లకి బాగా తెలిసిన పరీక్ష 'క్యాట్-4'. ఇందులో పాఠాల్లోంచి ఏమీ అడగరు. మాటలతో, అంకెలతో, బొమ్మలతో, ఆకారాలను మనసులోనే తిప్పి చూడటంతో... ఇలా నాలుగు రకాలుగా ఆలోచనని పరీక్షిస్తారు. సగటు పిల్లల స్కోరు 100గా లెక్క. 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. అయితే ఆ 'నూటికి' అన్నది ఏ నూరు మందిలో అని అడగాలి. దేశం మొత్తం పిల్లల్లోనా, ఇంగ్లండ్ పిల్లల్లోనా, ఆ క్లాసులోని పిల్లల్లోనా? ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడుతూ నాలుగేళ్లకే పజిళ్లు ఆడిన పిల్లలు ముప్ఫైమంది ఉన్న క్లాసులో మామూలుగా కనిపించేవాడు, మరో బడిలో చిచ్చరపిడుగు అనిపించుకోవచ్చు.

ఇంకో చిక్కూ ఉంది. తన తరగతి పేపర్లో నూటికి నూరు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల మధ్య తేడా ఆ పేపర్‌తో తెలియదు. ఇద్దరూ పైకప్పుకి తల ఆనించి నిలబడినట్టే. కప్పు ఎత్తు పెంచితేగానీ ఎవరు పొడుగో తెలీదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసర్ 1972లో చేసింది ఇదే. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో కాలేజీల్లో చేరేవాళ్లు రాసే శాట్ పరీక్ష రాయించాడు. క్లాసులో ఒకేలా కనిపించినవాళ్లు అక్కడ ఎవరి ఎత్తులో వాళ్లు తేలారు. మన దేశంలో అహ్మదాబాద్‌కి చెందిన ఎడ్యుకేషనల్ ఇనీషియేటివ్స్ సంస్థ 'అసెట్ టాలెంట్ సెర్చ్' పేరుతో నడుపుతున్నదీ ఈ పద్ధతే. మొదట తరగతి స్థాయి పరీక్ష, అందులో పైన నిలిచినవాళ్లకి పెద్ద తరగతుల స్థాయి పరీక్ష. అయితే మొదటి మెట్టు ఎక్కాలంటే ఆ పిల్లాడి స్కూలుకో తల్లిదండ్రులకో ఈ పరీక్ష ఒకటుందని తెలియాలి. ఫీజు కట్టాలి.

పోనీ, ఇంటర్నేషనల్ స్కూలు మనకెందుకు అనుకునే మధ్యతరగతివాళ్లకి ఉండనే ఉన్నాయి... ఐఐటీ ఫౌండేషన్, టెక్నో, ఒలింపియాడ్ అన్న తోకలున్న కార్పొరేట్ బడులు. ఇక్కడ 'గిఫ్టెడ్' అన్న మాట వినిపించదు. 'బ్యాచ్' అంటారు. ఆరో తరగతిలో చేరేటప్పుడే 'స్కాలర్‌షిప్ టెస్ట్', దాన్నిబట్టి ఫీజులో తగ్గింపు, దాన్నిబట్టే సెక్షను. ఆ తర్వాత వీక్లీ టెస్టులు, ర్యాంకులు, ర్యాంకు తగ్గితే కిందిబ్యాచ్‌కి బదిలీ. మంచి లెక్చరర్లు పైబ్యాచ్‌కే. పైబ్యాచ్ పిల్లాడు ఇంకా పైకి, కిందిబ్యాచ్ పిల్లాడు ఇంకా కిందికి వెళితే, 'చూశారా, మా టెస్టు ఎంత కరెక్టో!' అనుకోవచ్చు.

ఈ ప్రవేశ పరీక్షలో చాలావరకు బయటపడేది పిల్లాడు ముందు బడిలో ఏం చదివాడు, ఏ ట్యూషన్‌కి వెళ్లాడు అన్నది. ఎనిమిదో తరగతి లెక్కలు ఆరులోనే నేర్చుకున్నవాడు మెరికలా కనిపిస్తాడు. వాడు నిజంగా మెరికే కావచ్చు, ఏడాది ముందే బండెక్కినవాడూ కావచ్చు. పరీక్ష పేపరుకి ఆ తేడా తెలీదు. ఈ అలవాటుకి మనదగ్గర పెద్ద చరిత్రే ఉంది. నల్లకుంటలో చుక్కా రామయ్య ఐఐటీ కోచింగ్ వెలిగిన రోజుల్లో, ఆ కోచింగ్‌లో సీటు కోసం ఎంట్రన్స్ ఉండేది. ఆ ఎంట్రన్స్‌కి విడిగా కోచింగులు వెలిశాయి!

అన్నట్టు, విద్యాహక్కు చట్టం, 2009 లోని 13వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని బడిలో చేర్చుకునేటప్పుడు వడపోత పరీక్ష పెట్టకూడదు. మొదటి తప్పుకి రూ.25 వేల వరకు జరిమానా, ఆపైన ప్రతిసారీ రూ.50 వేల వరకు. అందుకే చాలాచోట్ల దాన్ని పరీక్ష అనరు. 'ఇంటరాక్షన్' అంటారు.

గేటు పక్కనే ఉన్నా...

గచ్చిబౌలి దాటి, సెంట్రల్ యూనివర్సిటీ వెనకవైపు వెళితే గోపన్‌పల్లి. రంగారెడ్డి జిల్లా జవహర్ నవోదయ విద్యాలయం ఉన్నది అక్కడే. ఐటీ కారిడార్‌లో కాపురాలున్న చాలామందికి ఆ బోర్డు కనిపిస్తుంది, సంగతి తెలీదు. పల్లెల్లోని తెలివైన పిల్లల్ని వెతికి, ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఉచితంగా చదువు, భోజనం, వసతి ఇచ్చే కేంద్ర ప్రభుత్వ బడి అది.

ఈ ఆలోచనకి తెలుగునేలతో దగ్గర సంబంధమే ఉంది. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంపిక చేసి, అక్కడే ఉంచి చదివించడం అన్నది ఆ రోజుల్లో కొత్త. ఆ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి. దాని వెనకున్న పి.వి.నరసింహారావు 1985లో కేంద్రంలో మానవ వనరుల శాఖ మంత్రి అయ్యాక, అదే ఊహ దేశవ్యాప్తంగా నవోదయ రూపం తీసుకుంది.

నవోదయ ప్రవేశ పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం, అంటే 50 మార్కులు మెంటల్ ఎబిలిటీకే. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నదేది, కాగితం మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా ఉంటుంది... ఇలాంటివన్నమాట. మిగతా సగం లెక్కలకీ, భాషకీ. తెలుగులో రాయొచ్చు. బాగా చదువు చెప్పని బడి నుంచి వచ్చిన పిల్లాడికి కూడా అవకాశం దొరకాలని బొమ్మలకి అంత బరువు. తెలంగాణ గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశ పరీక్షలో 100 మార్కులకి మెంటల్ ఎబిలిటీ 10 మార్కులే. మిగతావన్నీ పాఠాలే. ఏ పరీక్ష దేన్ని వెతుకుతోందో ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

అంతా బాగానే ఉందా? లేదు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఏ ఒక్క రోజైనా పట్టణ ప్రాంతంలోని బడిలో చదివితే ఆ పిల్లాడు పట్టణ అభ్యర్థే అన్నది నిబంధన. గోపన్‌పల్లి ఉన్న శేరిలింగంపల్లి 2007లో జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. అంటే నవోదయ గోడ పక్క గుడిసెలో ఉండి, పక్క వీధిలోని సర్కారు బడికి వెళ్లే మేస్త్రీ కూతురు కాగితాల మీద 'పట్నం పిల్ల'. గేటెడ్ కమ్యూనిటీ పిల్లాడితో సమానంగా, మిగిలిన కొద్ది సీట్లకే పోటీపడాలి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో ఇల్లు కట్టే పనికి వచ్చిన కుటుంబంలో బిడ్డ ఈ లెక్కలో ఎటూ కాకుండా పోవడం తేలిక. పల్లెవాళ్లకి న్యాయం చెయ్యాలని పెట్టిన నిబంధనే ఇక్కడిలా అడ్డం తిరిగింది.

పైగా ఆరో తరగతికి ఆ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. పదేళ్ల వయసులో ఆ ఒక్క శనివారం జ్వరం వస్తే అంతే సంగతులు.

గోపన్‌పల్లికి పక్కనే గౌలిదొడ్డి. అక్కడ సాంఘిక సంక్షేమ గురుకులాల 'సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్' ఉంది. దీనికి మళ్లీ విడిగా పరీక్ష, తొమ్మిదో తరగతిలో ప్రవేశం. దళిత కుటుంబాల పిల్లలు ఇక్కణ్నుంచి ఐఐటీలకీ మెడికల్ కాలేజీలకీ వెళుతున్నారు. ఇదే గురుకుల సొసైటీ, పరీక్ష కాగితం లేకుండా మెరికను పట్టిన సందర్భమూ ఒకటుంది. భువనగిరి కొండ దగ్గర పిల్లలకి రాళ్లెక్కడం నేర్పించారు. భయపడనివాళ్లనీ అలవనివాళ్లనీ ఏరి డార్జిలింగ్ పంపారు. అలా తేలిన ఇద్దరిలో తాడ్వాయి గురుకులం అమ్మాయి మాలావత్ పూర్ణ ఒకరు. ఆమె 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. కొండ దగ్గరికి తీసుకెళ్లకపోతే ఆ అమ్మాయిలో అంత సత్తా ఉందని ఏ మార్కుల లిస్టు చెబుతుంది?

ఆగిపోయిన పరీక్ష

గిఫ్టెడ్ గురించి ఇంత మాట్లాడుకుంటున్న రోజుల్లోనే, దేశంలో అందరికీ తెలిసిన ప్రతిభ పరీక్ష ఒకటి చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. అదే నేషనల్ టాలెంట్ సెర్చ్ ఎగ్జామ్... ఎన్‌టీఎస్ఈ. 1963లో ఢిల్లీలో సైన్స్ ప్రతిభాన్వేషణగా మొదలై, తర్వాత అన్ని రాష్ట్రాలకీ, అన్ని సబ్జెక్టులకీ విస్తరించింది. రాష్ట్రస్థాయిలో ఒకటి, జాతీయస్థాయిలో ఇంకొకటి. గెలిచినవాళ్లకి ఇంటర్లో నెలకి రూ.1,250, డిగ్రీలో రూ.2,000. డబ్బు కంటే పేరే ఎక్కువ. 2021 మార్చి 31 తర్వాత ఈ పథకాన్ని కొనసాగించడానికి ఆమోదం రాలేదు. అంతటితో నిలిచిపోయింది.

విచిత్రం ఏంటంటే, అంతకు కొన్ని నెలల ముందే, 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల కోసం విడిగా ఓ భాగమే రాసుకుంది. వాళ్లని గుర్తించడానికి ఎన్‌సీఈఆర్‌టీ మార్గదర్శకాలు తయారు చెయ్యాలనీ, బీఈడీలో దీన్నొక స్పెషలైజేషన్ చెయ్యాలనీ, బడుల్లో సైన్స్, లెక్కలు, సంగీతం, చదరంగం క్లబ్బులు పెట్టాలనీ అందులో ఉంది. కాగితం ముందుకీ పరీక్ష వెనక్కీ!

ఎన్‌టీఎస్ఈ లేని లోటుని ఇప్పుడు ప్రైవేటు 'ఒలింపియాడ్లు' పూరిస్తున్నాయి. షోకేసు నిండా పతకాలు. వీటికీ, ముంబయిలోని హోమీ భాభా సెంటర్ నడిపించే అసలు ఒలింపియాడ్ ఎంపికలకీ సంబంధం లేదన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కి మన దేశం 1989 నుంచి జట్టుని పంపుతోంది. ఆ జట్టులో ఆరుగురే ఉంటారు. క్లాసులో పదిమందికి గోల్డ్ మెడల్ వచ్చే ఒలింపియాడ్ వేరే!

జల్లెడలో నిలవని నోబెల్

మరి శాస్త్రీయంగా, పెద్ద పెద్ద సైకాలజిస్టులు కూర్చుని చేస్తే తప్పు జరగదా?

తెలివితేటల పరీక్షకి మూలపురుషుడు ఫ్రాన్స్ దేశస్థుడు ఆల్ఫ్రెడ్ బినే. 1905లో ఆయన ఆ ప్రశ్నలు తయారుచేసింది ఏ పిల్లలకి చదువులో అదనపు సాయం కావాలో కనిపెట్టడానికి. దాన్ని తిప్పి, మేధావుల్ని ఏరడానికి వాడినవాడు కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్. 1921 నుంచి దాదాపు 1,500 మంది పిల్లల్ని ఎంచుకుని, జీవితమంతా వాళ్లేం సాధించారో లెక్క రాశారు. వాళ్లలో చాలామంది బాగానే స్థిరపడ్డారు. నోబెల్ మాత్రం ఎవరికీ రాలేదు. ఆ పరీక్షలో సరిపడా స్కోరు రాక జాబితాలోకి ఎక్కని ఇద్దరికి వచ్చింది... విలియం షాక్లీకి 1956లో, లూయి అల్వారెజ్‌కి 1968లో! షాక్లీ అంటే ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు. ట్రాన్సిస్టర్ లేనిదే కంప్యూటర్ లేదు, కంప్యూటర్ లేనిదే హైటెక్ సిటీ లేదు.

అంత దూరం ఎందుకు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ మూడోసారికిగానీ గట్టెక్కలేదు. ఈరోజుల్లో అయితే ఏ బ్యాచ్‌లో ఉండేవాడో! క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ ఆయన బృందం కృషే.

టెర్మన్ మొదట పిల్లల్ని ఏరిపెట్టమని అడిగింది టీచర్లనే. తీరా చూస్తే, టీచర్ 'బాగా తెలివైనవాడు' అని చూపించిన పిల్లాడి కంటే, క్లాసులో అందరికంటే చిన్న వయసువాడు తెలివైనవాడు కావడం ఎక్కువ జరిగిందట. టీచర్ల కన్ను వయసుని పట్టించుకోదు. పొందికగా కూర్చునేవాడు, చేతిరాత బాగున్నవాడు, అడిగినదానికి టక్కున చెప్పేవాడు కంటికి ఆనతాడు. పాఠం రెండు నిమిషాల్లో అర్థమైపోయి, ఏంచెయ్యాలో తోచక పక్కవాడి జడ లాగేవాడు, 'ఎందుకు టీచర్?' అని నాలుగోసారి అడిగేవాడు... 'అల్లరి' ఖాతాలోకి పోతారు.

బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ 2010 దశకంలో ఈ పని మీదే దృష్టిపెట్టింది. విదేశీ ఐక్యూ పరీక్షల్ని దించుకోకుండా, మన బడుల్లో టీచర్లు ఏ లక్షణాలు గమనించాలో జాబితాలు తయారుచేసింది. పల్లె పిల్లల వైపు పని చూసినది అగస్త్య ఫౌండేషన్. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర గుడివంకలో వాళ్ల క్యాంపస్ ఉంది. సైన్సు పరికరాలు పిల్లల చేతికిచ్చి, వాళ్లు వాటితో ఏంచేస్తారో, ఏం అడుగుతారో చూడటం అక్కడ పద్ధతి. ఖర్చూ ఎక్కువ, టైమూ ఎక్కువ. ఓఎంఆర్ షీటు దిద్దినంత తేలిక కాదు.

తేలిక కానిదాన్ని వదిలేస్తే ఏం జరుగుతుందో చెప్పే లెక్క ఒకటి 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. నోబెల్ దంపతులు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ల సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరలూ చిల్లర సామాన్లూ అమ్మే పిల్లల్ని దాదాపు 1,400 మందిని పరిశీలించారు. ఎనిమిది వందల గ్రాములు, కిలో ఇంత, ఇచ్చిన నోటు ఇది, తిరిగి ఎంతివ్వాలి... కాగితం లేకుండా చెప్పేశారు. అదే లెక్కని బడి పుస్తకంలో ఉన్నట్టు రాసిస్తే చాలామంది తడబడ్డారు. బజారు మొహం చూడని బడిపిల్లలు అటు తిరగేసి. పుస్తకంలో లెక్కలు చేశారు, బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. మాదాపూర్ సిగ్నల్ దగ్గర సాయంత్రం పూట మొక్కజొన్న కంకుల బండి మీద చిల్లర లెక్క చూసుకునే పిల్లాడికి ఎంట్రన్స్ పెడితే ఏమవుతుందో ఊహించొచ్చు.

అందరికీ పెట్టి చూస్తే...

జల్లెడ ఎలాంటిదన్నది సరే, దానిలో ఎవరెవర్ని వేస్తున్నాం అన్నది అంతకంటే పెద్ద విషయం. దీన్ని లెక్కలతో చూపించింది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, బ్రోవార్డ్ కౌంటీ. అక్కడ గిఫ్టెడ్ పరీక్షకి టీచరో, తల్లిదండ్రులో పేరు సూచించాలి. స్థోమత ఉన్నవాళ్లు ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించుకొచ్చేవాళ్లు. ఎంపికైనవాళ్లు ఎక్కువగా ఎవరో చెప్పక్కర్లేదు. 2005లో పద్ధతి మార్చారు. రెండో తరగతి పిల్లలందరికీ, ఎవరూ అడగకుండానే, బొమ్మలతో ఉన్న చిన్న పరీక్ష పెట్టారు. అందులో పైకి తేలినవాళ్లకి అసలు ఐక్యూ పరీక్ష.

అర్హత మార్కు మార్చలేదు. అయినా ఎంపికైన పేద పిల్లల శాతం దాదాపు మూడింతలైంది. అంటే ఆ పిల్లలు అంతకుముందూ అక్కడే ఉన్నారు, అంతే తెలివితో ఉన్నారు. పేరు చెప్పేవాళ్లు లేరంతే. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా గ్యులియానో 2016లో ఈ వివరాలు ప్రచురించారు. కొన్నేళ్లకి బడ్జెట్ లేదని అందరికీ పెట్టే పరీక్షని ఆపేశారు. మళ్లీ మొదటికొచ్చింది.

పరీక్షే వద్దని ఎత్తేస్తేనో? అదీ జరిగింది. వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ అని, అక్కడి తెలుగు ఇళ్లలోనూ మారుమోగే పేరు. 2020లో అక్కడ ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూలుకీ కొన్ని సీట్లు కేటాయించారు. ఆసియా సంతతి పిల్లల వాటా ఒక్కసారిగా 73 శాతం నుంచి 54కి పడింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు విననంది. రాత్రింబవళ్లు కష్టపడి చదివిన పిల్లాడి తల్లికి అదీ అన్యాయంగానే కనిపిస్తుంది. ఆమె బాధ తప్పని ఎలా అంటాం?

బ్రోవార్డ్ పద్ధతి మనకేమీ అసాధ్యం కాదు. ప్రభుత్వ బడుల్లో అన్ని తరగతులకీ పరీక్షలు పెడుతూనే ఉన్నాం. నాలుగులోనో అయిదులోనో ఒక గంట, బొమ్మలతో, తెలుగు రాని పిల్లలు కూడా చెయ్యగలిగేలా... ఆ ఒక్కటీ కలిపితే సరిపోతుంది. బొమ్మల పరీక్ష మచ్చలేనిదేం కాదు. అలాంటివి ముందెప్పుడూ చూడని పిల్లాడు కాసేపు బిత్తరపోతాడు. అందుకే పది నిమిషాలు ఆటలా అలవాటు చేయించి పెట్టాలి. ఒకసారితో సరిపెట్టకుండా ఏడులో మళ్లీ చూడాలి. ఏరాక ఏమిస్తారన్నది ముందే తేల్చుకోవాలి. చాలా స్కూళ్ల గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌లో మెయిల్ ఉంటుంది, సర్టిఫికెట్ ఉంటుంది, మిగతా పిల్లలకి ఇచ్చిన వర్క్‌షీటే ఇంకో రెండు ఎక్కువ ఉంటాయి. అలాంటి మెయిల్ అందుకున్న తల్లిదండ్రులు సంబరం అయ్యాక స్కూలుకి ఒక ఫోన్ చేసి అడగొచ్చు... ఈ పరీక్ష క్లాసులో అందరికీ పెట్టారా, ఫీజు కట్టినవాళ్లకేనా? రేపటి నుంచి మావాడికి మారేదేమిటి? ఈసారి పేరు లేనివాళ్లని మళ్లీ ఎప్పుడు చూస్తారు?

ఇక సెల్లారు గదిలోని ఎనిమిదో తరగతి అమ్మాయి సంగతి. ఆమె కోసం ఒక పరీక్ష ఉంది. 2008లో మొదలైన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవాళ్లే రాయాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు ఉంది. 90 ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీ, 90 ప్రశ్నలు పాఠాల్లోంచి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12 వేలు. దేశం మొత్తానికి ఏటా లక్షమందికి ఇస్తారు. దరఖాస్తు వెళ్లాల్సింది స్కూలు నుంచి, హెడ్‌మాస్టర్ ద్వారా. ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో తీసుకోవాలి. ఆమె తల్లిదండ్రులకి ఆ ఫారం ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు. పై అంతస్తుల్లో కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లకి అరగంట పని.